రోజూ విప్పే కట్టు

ఈ రోజు మా కాలనీ డిస్పెన్సరీకి రాజవ్వ వచ్చింది. బొగ్గుబాయిలో డ్యూటీ దిగి వచ్చిన భర్త స్నానానికి కాగిన నీళ్లు దింపుతుంటే చేతిమీద ఒలికాయట. మోచేతి దాకా బొబ్బలు, వాటిమీద టూత్‌పేస్టు. మెల్లగా కడిగి, నర్సుగా చెప్పాల్సింది చెప్పాను. గాజుగుడ్డ కడితే రోజూ విప్పాలి, పుండుకు అంటుకుంటుంది. మెత్తటి పట్టీ వేస్తే ఐదు రోజులు కదిలించక్కర్లేదు.

"రోజు ఇప్పేదే కట్టు బిడ్డా."

"నొప్పి ఎక్కువైతది అవ్వా."

"కానియ్యి. నొస్తున్నదా అని నువ్వన్నా అడుగుతవ్. ఆయన నీళ్లు పారవోసినవని తిట్టిండు గని, చెయ్యి దిక్కు చూడలె."

మెత్తటి పట్టీయే వేశాను. రోజూ వచ్చి చూపించుకోవాలని మాత్రం అబద్ధం చెప్పాను. రేపు కట్టు విప్పను, నొస్తున్నదా అని అడుగుతాను. మీరూ ఇంట్లో ఒకసారి అడగండి. ఏం జవాబొచ్చిందో కింద రాయండి.