కర్పూరం సాక్ష్యం కాదు

ఒక మనిషి దొంగో కాదో తేల్చడానికి మీ ఊళ్లో ఇప్పటికీ కర్పూరమే వెలిగిస్తున్నారా? అయితే ఇది మీకోసమే రాస్తున్నాను.

1968లో నేను సహకార శాఖలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ని. మకాం రేపల్లె. చుట్టుపక్కల సంఘాలను ఆడిట్ చేసి, నివేదికను తెనాలిలోని పై అధికారికి పంపడం నా పని. ఆడిట్ అంటే కూడికలు సరిచూడటమే అనుకుంటారు చాలామంది. అది సగం పనే. పుస్తకంలో ఉన్న సరుకు గోదాములో ఉందో లేదో ఆడిటర్ స్వయంగా చూడాలి. ‘చూశాను’ అని రాసి సంతకం చేయాలి. మాకు జీతం ఇచ్చేది ఆ ఒక్క మాటకే.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక రేపల్లె పక్కనే నగరం అనే ఊరుంది, దాని దగ్గర ఒక పల్లె సంఘానికి వెళ్లాను. నేను వెళ్లేసరికే అక్కడ తీర్పు సిద్ధంగా ఉంది. గోదాములో అమోనియం సల్ఫేటు ఎరువు బస్తాలు ఒక వరస మేర తగ్గాయి. తాళంచెవి గుమాస్తా సాంబయ్య దగ్గర ఉంటుంది గనక దొంగ సాంబయ్యే. గుళ్లో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమంటే అతను వెనకాడాడట. ఇంకేం కావాలి?

“తప్పు చెయ్యనోడు నిప్పుకి జడుస్తాడేంటండీ?” అన్నారు సంఘం ప్రెసిడెంటు రామకోటయ్యగారు. “గుమాస్తా కాజేశాడని మీరు రాసెయ్యండి. మిగతాది మేం చూసుకుంటాం.”

మిగతాది అంటే ఉద్యోగం ఊడటం, పోలీసు కేసు.

సాంబయ్యను విడిగా అడిగాను. “నేను తియ్యలేదండి. నిజమైనా సరే, ప్రమాణం చేస్తే పిల్లలకి కీడని మా ఆవిడ ఒకటే ఏడుపండి” అన్నాడు. చూశారా! మూఢనమ్మకం ఆ ఇంటిని భయపెట్టింది. ఆ భయాన్నే నేరానికి రుజువుగా కమిటీ చేతికి అందించింది.

గోదాములోకి వెళ్లి నెట్టు చూశాను. నెట్టు అంటే వరస మీద వరస పేర్చిన బస్తాల గుట్ట. అడుగున గోనెలు పరిచినట్టు కనిపించింది. లెక్కపెట్టినవాళ్లు ఆ గోనెల పైనుంచి లెక్కపెట్టారు.

“ఇవి ఎప్పుడు పరిచావయ్యా?” అన్నాను.

“ఏమీ పరచలేదండి. కింద చెక్కలు వేయించండీ అంటే, వచ్చే ఏడు చూద్దాంలే అన్నారండి కమిటీవాళ్లు.”

మరి పరచని గోనెలు ఎక్కడివి? నెట్టంతా దింపించమన్నాను.

రామకోటయ్యగారికి కోపం వచ్చింది. “ఊరి పెద్దని, నేను చెబుతుంటే చాలదా? మా మాట తెనాలిలో కూడా చెల్లుద్దండీ ఇన్‌స్పెక్టరుగారూ.”

మాట ఆయనదే కావచ్చుగాని సంతకం నాదని చెప్పాను.

“కర్పూరమైతే చిటికెలో తేలిపోయేదండి. ఈయన నాస్తికం మా నడుముల మీదకొచ్చింది” అన్నాడు హమాలీల మేస్త్రి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పని మాత్రం ఆపనివ్వలేదు.

అడుగుకు చేరేసరికి నవ్వులు ఆగాయి. అవి పరిచిన గోనెలు కావు, బస్తాలే. వానలకు కాలవ పొంగి లోపలికి చేరిన నీళ్లలో ఎరువు కరిగిపోయింది. పై బరువుకు సంచులు చాపల్లా అణిగిపోయాయి. మూతి కుట్టు ఒక్కటీ విప్పలేదు.

“దేవుడే బయటపెట్టాడు” అన్నారు రామకోటయ్యగారు.

“దేవుడు కాదండి, హమాలీలు” అన్నాను.

ఆ తర్వాత ఆయన మెత్తబడ్డారు. సాంబయ్యను వదిలేద్దాం, ‘ప్రకృతి వైపరీత్యం’ అని రాయమన్నారు. అలా రాస్తే నష్టం సభ్యులైన రైతులందరి నెత్తినా పడుతుంది. సాంబయ్య కూడా, “అలాగే రాసెయ్యండి సార్, పెద్దోళ్లతో నాకెందుకు” అని బతిమాలాడు. నేను రాయలేదు. గుమాస్తా దోషం లేదనీ, అడుగున చెక్కలు వేయించని కమిటీదే బాధ్యతనీ రాశాను. నివేదిక తెనాలిలో నిలబడింది. నష్టం కమిటీయే భరించింది. సాంబయ్య ఉద్యోగం మిగిలింది. నా సర్వీసంతటిలో నేను తలెత్తుకుని చెప్పుకునే సంతకం అది.

తర్వాత బాపట్లలో పనిచేసినప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఇదే చెప్పేవాణ్ని. పెద్దమనిషి ఒట్టు సాక్ష్యం కాదు, పేదవాడి కన్నీళ్లూ సాక్ష్యం కాదు. పైసా ముట్టని ఆడిటర్ కూడా, చూడనిదాన్ని చూశానని రాస్తే అబద్ధాలకోరే.

మీరు ఏదో ఒక సంఘంలో సభ్యులై ఉంటారు. ఈసారి మహాజన సభకు వెళ్లండి. భోజనాల పిలుపు రాకముందే లేచి నిలబడి, “సరుకు మీ కళ్లతో చూశారా?” అని ఆడిటర్‌ను అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.