నర్సుల గ్రూపులో ఇద్దరు బయటివాళ్ళం

పోయిన నెల జగదల్‌పూర్‌లో కంటి శుక్లం తీయించుకోవడానికి వెళ్ళి బల్ల మీద పడుకుని ఉంటే, చుక్కల మందు వేస్తున్న నర్సమ్మ చీటీ మీద నా పేరూ ఊరూ చదివి, చెయ్యి అక్కడే ఆపి, "మీరు కోంటా మామాజీ కదూ? మా గ్రూపులో ఉండేవారు!" అని హిందీలో అరిచినంత పని చేసింది. ఆమె కొన్నాళ్ళు దోర్నపాల్‌లో పనిచేసిందట. తెర అవతల ఉన్న మరో ఇద్దరిని పిలిచి, గ్రహణాల మీద వ్యాసాలు రాసిన మామాజీ ఈయనేనని చూపించింది. కంటిని కదిలించవద్దన్న మనిషే నన్ను అంతగా నవ్వించడం ఏం న్యాయమో! పక్క బల్ల మీది పెద్దమనిషి నేను రిటైరైన కాంపౌండర్‌నేమో అనుకుని తన మోకాళ్ళ నొప్పి సంగతి ఎత్తుకున్నాడు. కాదు బాబూ, బతుకంతా ఉప్పూ పప్పూ అమ్మినవాణ్ణి అని చెప్పి, కంటికి కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక, చదవడానికీ రాయడానికీ వీలులేని ఆ నాలుగు నాళ్ళూ ఆ గ్రూపు గురించే ఆలోచిస్తూ గడిపాను.

కోంటాలో బస్సు ఆగే చోటుకు ఎదురుగానే మా కిరాణా దుకాణం. లోపలి ఊళ్ళలో నర్సులుండే ఆరోగ్య ఉపకేంద్రాలకు సుక్మా నుంచి వచ్చే ఐరన్ మాత్రల పెట్టెలు, దూది కట్టలు కండక్టరు మా గడప దగ్గర దింపి పోయేవాడు. ఏ పెట్టె ఎవరిదో, ఎవరు ఎప్పుడు పట్టుకుపోతారో తెలియక నేను విసుక్కుంటుంటే, భేజ్జిలో నర్సుగా పనిచేస్తున్న మా మేనకోడలు, తానే నడుపుతున్న నర్సుల వాట్సాప్ గ్రూపులో నా నంబరు చేర్చింది. పెట్టె వచ్చిందా లేదా అంతవరకే రాయాలనీ, ఉపన్యాసాలు వద్దనీ ముందే షరతు పెట్టింది. పెద్ద సిస్టర్, అంటే ఆ నర్సులందరి మీదా అధికారి, నా పేరు చూసి ముఖం చిట్లించిందట గానీ, పెట్టెలు మాయం కావడం ఆగిపోయేసరికి ఊరుకుంది.

అలా నేను పరాయి వాళ్ళ వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నవాణ్ణయ్యాను. అక్కడ ఒడిశా పిల్ల ఉంది, కేరళ నుంచి వచ్చిన నడివయసు ఆమె ఉంది, రాయ్‌పూర్ వైపు మైదానపు ఊళ్ళ పిల్లలు ఉన్నారు. వానకాలం బురదలో తెగిపోని చెప్పులు ఎక్కడ దొరుకుతాయని ఒకరు, సెలవు అడిగితే పెద్ద సిస్టర్ ఎలా చూసిందని ఒకరు, తాను ఒంటరిగా వండుకున్న చేపల పులుసు ఫోటో ఒకరు. మధ్యలో మగమనిషి ఒకడు ఉన్నాడన్న సంగతి మరిచిపోయి వాళ్ళు మరీ సొంత కబుర్లలోకి దిగితే, "మామ ఇక్కడే ఉన్నాడమ్మా" అని నేను రాతలోనే దగ్గేవాణ్ణి. ఆ వెంటనే వరసగా నవ్వులు. నలుగురు కూడే చోటు లేని అడవి ఊళ్ళలో ఒక్కొక్క గదిలో ఒక్కొక్కరు ఉండే ఆ పిల్లలకు ఆ గ్రూపే ఇరుగూ పొరుగూ అని నాకు అప్పుడే అర్థమైంది.

ఉపన్యాసాల షరతు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. గ్రహణం వేళ గర్భిణులు కత్తి ముట్టరాదని ఒక సిస్టర్ ఎక్కడినుంచో వచ్చిన సందేశాన్ని ఇటు తోసింది. నర్సు చదువు చదివిన మనిషి! నాకు ఒళ్ళు మండి, గ్రహణమంటే నీడ తప్ప మరేమీ కాదని, నీడ కడుపులోని బిడ్డ పెదవిని కోయలేదని, నా తెలుగు యాస హిందీలో ఫోను తెర నిండా రాసి పంపాను. జవాబుగా వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. జీవితమంతా ఏ విగ్రహానికీ చెయ్యెత్తని నాకు దండాలు!

నా తరం పాఠకులకు ఆ మంట ఎక్కడిదో తెలుసు. మా నాన్న నన్ను చదువుకని ఖమ్మం పంపితే, నేను చదువుకంటే ఎక్కువగా సభలు చదువుకున్నాను. వితంతు వివాహాలు చేసి వెలి పడ్డ పెద్దలు, పురోహితుడు లేని పెళ్ళిళ్ళు జరిపించిన మాస్టర్లు వేదిక ఎక్కి పండితులతో వాదిస్తుంటే, ముందు వరసలో కూర్చుని నాకే బహుమతి వచ్చినంతగా చప్పట్లు కొట్టేవాణ్ణి. తర్వాత నేనూ వేదికలెక్కాను, చిన్న పత్రికల్లో రాశాను, నా పెళ్ళి మంత్రాలు లేకుండా చేసుకున్నాను, అమ్మ చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఒక్క మాట ఒప్పుకోవాలి. అన్ని వాదాల్లో, నా పొరపాటు నాకు తెలిసిందని చెప్పి వేదిక దిగిన మనిషిని, అటువైపు గానీ ఇటువైపు గానీ, నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఇక ఆ పిల్ల సంగతి. భేజ్జి దాటి, వాగు కూడా దాటితే వచ్చే ఊరి పిల్ల. పెళ్ళికి ముందు తల్లితో కలిసి చింతపండు, ఇప్పపువ్వు మా దుకాణానికి తెచ్చేది. నేను తూస్తుంటే కాటా ముల్లు నుంచి కన్ను తిప్పేది కాదు. "సావుకారీ, నువ్వు ఊపిరి బిగబట్టి తూస్తవు, వదిలి తూయి" అని అందరి ముందూ అనేది. అంత తిక్కపిల్ల, అదే ఊళ్ళో పెళ్ళయి, మొదటి కాన్పుకు దగ్గరపడింది. బీపీ బాగా ఎక్కువగా ఉందనీ, ముఖం, కాళ్ళు ఉబ్బాయనీ, అత్తింటివాళ్ళు ఆస్పత్రికి పంపేది లేదంటున్నారనీ మా మేనకోడలు పేరు చెప్పకుండా గ్రూపులో రాసి, ఏం చేయాలని అడిగింది. ఊరు చూసి నేను పిల్లను గుర్తుపట్టాను. ఇలాంటి మనిషికి ఫిట్స్ వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదని కేరళ సిస్టర్ రాసింది. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు తిండి సహించలేదు.

ఆ ఇంటివాళ్ళు వడ్డె చెప్పనిదే అడుగు వేయరు. వడ్డె అంటే ఆ ఊళ్ళలో గింజలు వేసి చూసి దేవర మాట చెప్పేవాడు, వేర్లు అరగదీసి ఇచ్చేవాడు, పట్టిన దెయ్యాన్ని దించేవాడు. ఆ వడ్డెకు ఒక ఫోను ఉంది. ఊరి పక్క బోడు, అంటే చిన్న గుట్ట, ఎక్కితే దానికి సిగ్నల్ అందుతుంది. మా మేనకోడలు ఏం చేసిందో ఊహించండి. అతణ్ణి తీసుకొచ్చి నర్సుల గ్రూపులో పెట్టింది! పేరు పక్కన ఫోటో స్థానంలో ఒక పుంజు బొమ్మ. చదువు రాదు కనుక అతను పంపేవన్నీ దోర్లీలో, అంటే బేరాల్లో నాకూ పట్టుబడిన అక్కడి అడవి ఊళ్ళ భాషలో, రికార్డు చేసిన మాటలే. మొదటి రోజే తన పుంజు కూత పంపించాడు.

నేను మండిపోయాను. మనిషి ప్రాణాల మీదికి వచ్చిన వేళ, ఆ ప్రాణానికి అడ్డం పడి కూర్చున్నవాణ్ణే ఇంట్లోకి పిలుస్తారా, ఇన్నేళ్ళ చదువు దీనికేనా, వెంటనే తీసేయండి అని తెరలు తెరలుగా రాశాను. మేనకోడలు ఫోను చేసింది.

"మామా, ఆయనను తియ్యమంటున్నవు. ఏమని తియ్యాలె?"

"నర్సు కాడని తియ్యి."

"నువ్వేమన్న నర్సువా ఏంది?"

నేను పెట్టెల సంగతి ఎత్తాను. ఆమె వినలేదు. ఆస్పత్రి మాట ఎత్తినప్పటి నుంచి ఆ ఇంట్లోకి తనను రానివ్వడం లేదనీ, వడ్డె ఎప్పుడైనా పోవచ్చనీ చెప్పింది. తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్, ఇవి కనబడితే "నీ పని నువ్వు చేసుకో తాతా, నాకు చెప్పి చేసుకో" అని అతనికి నేర్పించిందట. అతను సరేనన్నాడట. ఆ సరే మీద నాకు చింతగింజంత నమ్మకం కూడా లేదు.

మా రచ్చ పెద్ద సిస్టర్ దాకా పోయింది. ఇది నర్సుల గ్రూపు గానీ అంగడి కాదని, ఉంటే బయటివాళ్ళిద్దరూ ఉండాలని, పోతే ఇద్దరూ పోవాలని ఆమె తీర్పు చెప్పింది. నన్నూ ఆ పుంజు బొమ్మనూ ఒకే తక్కెడలో వేసిన ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. అయినా పోలేదు. అతని మీద ఒక కన్ను వేసి ఉంచడానికే ఉన్నాను.

కన్ను వేశానే గానీ చెవి వేయలేదు. అతని మాటలు వినకుండానే దాటేసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం మాత్రం మంచి ఎండ వేళ దుకాణంలో ఒంటరిగా ఉండి, దోర్నపాల్ మీదుగా రావలసిన బస్సు ఎక్కడ ఆగిపోయిందోనని ఫోను తెరిచాను. ఉపకేంద్రాల నర్సులందరికీ ఆ రోజు సుక్మాలో మీటింగు. గ్రూపు ఖాళీగా ఉంది. కింద పుంజు బొమ్మ పక్కన ఒక మాట, దాని కింద దోర్లీ తెలియని ఎవరో పెట్టిన దండం బొమ్మ. ఏం తోచక నొక్కాను.

మనిషి రొప్పుతున్నాడు. బోడు ఎక్కి వచ్చినట్టున్నాడు. దోర్లీలో అతను చెప్పింది ఇది. "సిస్టరమ్మా, పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకున్నది, కళ్ళు తేలేసింది. కోడిని కోసిన, గింజలేసిన. ఇది నా చేతిల లేదు. మంచం మీద మోసుకొని వాగు కాడికి తెస్తున్నం. బండి పంపు."

మేనకోడలికి ఫోను చేశాను, ఎత్తలేదు. మీటింగులో ఫోన్లు సంచుల్లో ఉంటాయి. అంబులెన్సుకు చెప్పాను. గ్రూపులో, ఈ మాట చూసిన ఏ సిస్టరైనా ముందు నాకు ఫోను చేయాలని రాశాను. వెంటనే మోగింది. పెద్ద సిస్టర్! నేను మాట మాటా హిందీలో చెప్పాను. ఆమె గొంతు ఎత్తలేదు, నన్ను ఎవరని అడగలేదు. కోంటా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న నర్సును సూదిమందుతో బండి ఎక్కిస్తానని, ఈలోపు పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏమీ పోయొద్దని, వేరు రసమైనా నీళ్ళైనా వద్దని వడ్డెకు చెప్పమంది. వాగుకు దారి ఆ బోడు మీదుగానే, పిల్లను మోసేవాళ్ళు అప్పటికి అతని దగ్గరికి చేరుకున్నారు; నేను వడ్డెకు ఫోను చేసి ఆ నాలుగు మాటలూ దోర్లీలో చెప్పాను. వేర్ల గురించి నాకు ఉన్న అభిప్రాయమంతా నాలుక చివర ఉంది. ఒక్క సొంత మాట కలపలేదు. అతనూ ఎదురు చెప్పలేదు. "పక్కకు తిప్పినం. ఏమీ పొయ్యలే. ఇంకేం చెయ్యాలె?" అన్నాడు. ఏమీ చేయకుండా ఉండడం కూడా ఒక పనేనని ఆ క్షణాన మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

తర్వాత ఎదురుచూపు. బేరానికి వచ్చినవాళ్ళకు పప్పు బదులు శనగలు తూసి ఇచ్చాను. వాగు దగ్గర బండి అందిందని, సూది పడిందని, సుక్మాకు తీసుకుపోతున్నారని ముక్కలు ముక్కలుగా తెలిసింది. దీపాలు పెట్టే వేళకు మేనకోడలు గ్రూపులో రాసింది. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం, ఆడపిల్ల. నేను గల్లాపెట్టె మీద తల ఆనించి అలాగే ఉండిపోయాను. గ్రూపు నిండా పువ్వులు, దండాలు. వాటి మధ్య పుంజు బొమ్మ పక్కన మళ్ళీ ఒక మాట. నొక్కితే మాటలేమీ లేవు, నవ్వు ఒక్కటే ఉంది. రెండోసారి కూడా విన్నాను.

ఆ తర్వాత అంగడి రోజున వడ్డె మా దుకాణానికి వచ్చాడు. నేను అనుకున్నంత ముసలివాడు కాదు, నాకంటే చిన్నవాడే.

"ఏంది సావుకారీ, నన్ను తీసెయ్యమన్నవంట?"

"అన్న. ఇప్పుడు కూడ అంట."

"అను. ఉప్పు తియ్యి."

ఉప్పు కట్టిస్తూ ఉండబట్టలేక అడిగాను, నీ చేతిలో లేదని నీకు ఎలా తెలిసిందని. పిల్ల పుణ్యమనో, మేనకోడలి పాఠమనో చెబుతాడనుకున్నాను. "దేవర చెప్పింది, సిస్టర్‌కు అప్పజెప్పుమన్నది" అన్నాడు. ఇన్నేళ్ళ సభలన్నీ నాలో ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

"నీ దేవర నర్సు చదువు చదివిందా ఏంది?"

"నువ్వు చదివినవా?"

అంగడి జనమంతా నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు లేక కాదు, నా దగ్గర జవాబులకు ఎప్పుడూ కరువు లేదు. గింజలు వేసి చూడడం ఇవాళ్టికీ బూటకమే అంటాను, అతని ముఖం మీదే అంటాను. కానీ ఆ పిల్ల సుక్మాలో బిడ్డకు పాలిస్తూ ఉంది. ఆ ఊరటలో గెలుపు నాకు కావాలనిపించలేదు.

ఇప్పుడు వాగు మీద వంతెన పడింది. అంబులెన్సు ఊళ్ళోకే పోతుంది. కాన్పుకు ముందే ఆడపిల్లలు తమంతట తామే ఆస్పత్రికి వచ్చి పేరు రాయించుకుంటున్నారు, అత్తలే వెంట వస్తున్నారు. మేము వేదికల మీద గొంతు చించుకుని అడిగింది ఇదే కదా, చూస్తుంటే గుండె తేలికపడుతుంది. వడ్డె ఇప్పుడు తన దగ్గుకు తానే దవాఖానకు పోతున్నాడు. నర్సుల గ్రూపు కూడా మారింది. బయటివాళ్ళం అందరం తప్పుకున్నాం, అది న్యాయమే, రోగుల సంగతులు దుకాణదారు ఫోనులో ఉండకూడదు. ఇప్పుడు అందులో పైవాళ్ళు ఆర్డర్లు పెడతారు, కిందివాళ్ళు చూస్తారు, తిరిగి రాయడానికి వీలు లేకుండా తాళం వేశారని మేనకోడలు చెప్పింది. చేపల పులుసు లేదు, చెప్పుల గొడవ లేదు. అంతా పద్ధతిగా ఉంది. అయినా అప్పుడప్పుడు ఒక దిగులు. ఏ బోడు మీదనో నిలబడి రొప్పుతూ, ఇది నా చేతిలో లేదని చెప్పాలని ఇవాళ ఎవరికైనా అనిపిస్తే, ఆ ఒక్క మాట వినడానికి తెరిచి ఉన్న తలుపు ఏదో నాకు తెలియదు.