నాలుగు దిక్కుల బల్ల

నలుగురాడే మాజాంగ్ బిళ్ళలు బల్ల మీద బోర్లా పోశాక షువాన్ వాటి మీద రెండు అరచేతులూ ఆనిస్తుంది. వెంటనే కలపదు. పిల్లల చూపు కిటికీని వదిలి బల్ల మీదికి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఎవరినీ పిలవదు. చూపులు వచ్చాక కలుపుతుంది. గులకరాళ్ళ మీంచి అల వెనక్కి జారినట్టు చప్పుడు.

ఆ ఇంట్లో బడి అలా మొదలవుతుంది. కూతురు ఇన్-చే, కొడుకు బో-లీన్, తను, నాలుగో చేతికి పక్కింటి నేను. పొద్దున చేపలు ఎండేస్తాను. మధ్యాహ్నాలు నాకు ఖాళీ.

మూడో తరగతిలో ఇన్-చే బడిలో మాట మానేసింది. ఇంట్లో గలగలలాడే పిల్ల గేటు కనబడగానే పెదాలు బిగించేది. ఏడాది చూసి, షువాన్ విద్యా కార్యాలయంలో అడిగి ఇంట్లోనే చదివించుకునే అనుమతి తెచ్చుకుంది. ఏటా ఒకరు వచ్చి చూసి, పొడిగించాలో వద్దో చెబుతారు.

పిల్లలు ఆడేవే ఆడించేది. బో-లీన్ బిళ్ళ తీయాలంటే దాని మీది అంకె చేతిలోదానితో కలిసి పది కావాలి. రబ్బరు బ్యాండ్ల తాడు మీద గెంతితే గెంతుకు మూడు చొప్పున కలుపుతూ పైకి అనాలి. బియ్యం, పెసలు, ఇసుక పోసి ఒకే కొలతలో చిన్న సంచులు కుట్టింది. ఎగరేసి పట్టుకుని ఏది ఎందుకు బరువో చెప్పాలి.

"అందరి పిల్లలూ బడికెళ్ళి జూదం నేర్చుకుంటారు. నీ పిల్లలు జూదం ఆడి లెక్కలు నేర్చుకుంటున్నారు," అన్నాను ఒకసారి.

"మీరు ఓడిపోతున్నారని మీ ఏడుపు అక్కా," అంది.

నిజమే. ఇన్-చే నన్ను ఒక్క ఆట గెలవనిచ్చేది కాదు.

ఈ ఏడు లాన్ మాస్టారు వచ్చారు. రిటైరైన మనిషి. టీ తాగారు, సంచులు తనూ ఎగరేసి చూశారు, ఒకటి జారవిడిచి నవ్వారు. ఇన్-చే ఆయనతో మాట్లాడింది. గుణకారాలు చెప్పింది. షువాన్ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"రేపు మీ నాన్న పడవ సు-ఆవో వెళ్తోందటగా. సు-ఆవో మనకి దక్షిణం. ఎటు?" అన్నారు మాస్టారు.

ఇన్-చే సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. మాజాంగ్‌లో తూర్పు మనిషి కూర్చున్నట్టు. ఆ ఆటలో నలుగురికీ తలో దిక్కు, తూర్పుకి కుడిపక్కన దక్షిణం. కుడిచెయ్యి చాచింది. "వెనక తూర్పు. అందుకని ఇటు దక్షిణం."

"అటు వెళితే మీ నాన్న ఉత్తరాన కీలుంగ్‌లో తేలతాడమ్మా."

పిల్ల పెదాలు బిగుసుకున్నాయి. ఆ బిగింపు మాకు తెలుసు.

"దిక్కులు ఎవరు నేర్పారు?"

"నేనే," అంది షువాన్. "బిళ్ళలతో నేర్పాను. బల్ల మీద వరస నిజం దిక్కులకి తిరగబడి ఉంటుందని తట్టలేదు."

మాస్టారు వేలితో బల్ల చుట్టూ తిప్పి చూసుకున్నారు. "ఇన్నేళ్ళుగా ఆడుతున్నాను. ఇప్పుడే చూశాను." కప్పు పక్కన పెట్టారు. "కానీ రాయాల్సింది రాయాలి. రేపు మధ్యాహ్నం మళ్ళీ వస్తాను. కంఠతా పట్టించకండి. ఎందుకు తేడా వచ్చిందో తనే చెప్పాలి. చెప్పలేకపోతే బడికి పంపడమే మంచిది."

ఆయన వెళ్ళాక అన్నాను, "కుడి ఎడమ మార్చి చెప్పమంటే పోదా?"

"పోదు అక్కా. ఎందుకు అంటే మళ్ళీ నోరు మూసుకుంటుంది."

నాలుగు దిక్కుల బిళ్ళలు ముందు పెట్టుకుని కూర్చుంది. తిప్పింది. తలకిందులు చేసింది. ఒకదాన్ని ఎత్తి పట్టుకుని కిందనుంచి చూసింది. నేను ఇంటికి వచ్చేశాను.

మర్నాడు చేపల తట్టలు దించుతుంటే ముగ్గురూ ఇసుకలో కనబడ్డారు. బిళ్ళలు బల్ల మీది వరసలోనే పేర్చి ఉన్నాయి. సముద్రం వైపు తూర్పు. దాని వెనక ఎండ వస్తోంది. రేవు దాటి వాళ్ళ నాన్న పడవ సు-ఆవో వైపు మళ్ళింది.

"నాన్న ఉత్తరం బిళ్ళ వైపు పోతున్నాడు," అన్నాడు బో-లీన్.

షువాన్ పడవ వైపు కాళ్ళు పెట్టి ఇసుకలో వెల్లకిలా పడుకుంది. "రా, పడుకో. ఇప్పుడు బల్ల పైన ఉందనుకో. మనం కింద ఉన్నాం."

ఇన్-చే పక్కన పడుకుంది. వేలు పైకెత్తింది. "ఎడమచేతికి తూర్పు. కాళ్ళకి దక్షిణం. కుడిచేతికి పడమర. తలకి ఉత్తరం." మళ్ళీ చుట్టింది. వేలు ఆటలో వంతు నడిచే వైపే తిరిగింది.

తల తిప్పి ఇసుకలోని బిళ్ళల వరస చూసింది.

"అమ్మా, బల్ల తప్పు కాదు. నేలని పైనుంచి చూస్తాం. దీన్ని ఆకాశంలా కిందనుంచి చూడాలి."

"మాస్టారికి ఎవరు చెబుతారు?"

"నేనే. ముందు ఆయన్ని పడుకోబెట్టాలి."

బో-లీన్ నవ్వాడు. ఆకలేసి పిల్లలిద్దరూ ఇంటికి పరిగెత్తారు. షువాన్ లేవలేదు. రెండు అరచేతులూ ఇసుక మీద ఆనించి, పైకి చూస్తూ అలాగే పడుకుంది.