ఫైరింజన్ మనిషి గుండీలు

మా ఆయన చొక్కా తొడుక్కోవడం మొదలుపెడితే, ఈలోపు మనం బజారుకెళ్ళి ఒక చొక్కా కుట్టించుకుని రావచ్చు. అంత నిదానం. చెయ్యి ఒక పట్టాన దూరదు, గుండీ కాజాలో పట్టదు. పట్టిందా, అది కచ్చితంగా పక్క గుండీ కాజా.

పోనీ మనిషి పుట్టుకే అంత అనుకుందామా అంటే, చేసింది ఫైర్ స్టేషన్లో ఉద్యోగం. అక్కడ బూట్ల చుట్టూ ప్యాంటు ముందే దించి పెట్టుకుంటారు. గంట మోగగానే బూట్లలోకి దూకి, ప్యాంటు పైకి లాగి, బండెక్కేయడమే. "మీ ఆయనంత చురుకైనవాడు మా దగ్గర ఇంకొకడు లేడమ్మా" అని వాళ్ళ ఆఫీసరు నాతో అంటే, ఎవరి ఆయన గురించి చెబుతున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను.

మేము పెళ్ళికని బయల్దేరితే, భోంచేసి చేతులు తుడుచుకుంటున్న జనం మాకు ఎదురొచ్చేవారు.

"ఏమండీ, ఊళ్ళో మంటలార్పిన చేతులేనా ఇవి?"

"ఇంట్లో గంట కొట్టేవాళ్ళు లేరు కదే!"

అదీ చూద్దామని ఒకరోజు పళ్ళెం తెచ్చి చెవి దగ్గర గరిటెతో వాయించాను. "బాగుంది, ఇంకాస్త వాయించు" అని తాపీగా రెండో గుండీ వెతుక్కున్నాడు.

ఉద్యోగం అయిపోయాక ఆయనకు మనవరాలు తోడు దొరికింది. మాటల ఘాటు చూసి దాన్ని మిరపగింజ అంటాం. పొద్దున్నే ఇద్దరూ నేల మీద బట్టలు పరుచుకుని కూర్చునేవారు. దాని బుల్లి బూట్ల చుట్టూ నిక్కరు స్టేషన్ పద్ధతిలో దించి పెట్టేవాడు. అక్కడితో ఆయన సాయం సరి. ఆ తర్వాత ఎవరి తిప్పలు వాళ్ళవే.

మా కోడలికి ఆఫీసు బస్సు వెళ్ళిపోతుందని కంగారు. "అత్తయ్యా, నేనైతే చిటికెలో తొడిగేస్తాను. మావయ్యని కాస్త లేవమనండి."

"లేవడానికి ఆయన ఒంటి మీద ప్యాంటేదీ? ఇంకా ఒక కాలే దూరింది."

ఇలా ఉండగా పిల్లల బడి నుంచి కబురొచ్చింది. నీళ్ళాట అయ్యాక ఎవరి బట్టలు వాళ్ళే తొడుక్కోవాలట. తొడుక్కోగలిగినవాళ్ళు పెద్ద గదికి, చేతకానివాళ్ళు ఇంకో ఏడాది ఉయ్యాలల గదిలో, పాలసీసా పిల్లలతో. శుక్రవారం చూస్తారట. మిరపగింజ కాలు నేలకేసి కొట్టింది.

"నేను పాపాయిని కాదు" అంది.

"మావయ్యా, ఈ వారం నేను నేర్పుతాను" అంది కోడలు.

"నేర్పమ్మా. నాకూ నేర్పు" అని ఆయన బనీను చేతిలోంచి తల దూర్చాడు.

మిరపగింజ పడీ పడీ నవ్వింది. "తాతా, అది చెయ్యికి! తలకి ఇది!"

"ఓహో, ఊపిరాడకపోతే ఏమిటో అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ సరదాకి పిల్లని ఉయ్యాల్లో పడుకోబెడతారా ఏమిటి?"

"దాని గంట మోగనీవే" అన్నాడు, అక్కడికేదో ఫైరింజన్ నడుపుతున్నట్టు.

శుక్రవారం మేమిద్దరం వెళ్ళి ఉయ్యాలల గది బయట నిలబడ్డాం. కాసేపటికి టీచరమ్మ మిరపగింజ చెయ్యి పట్టుకుని వచ్చింది.

"మీ పిల్ల అందరికంటే ముందే గుండీలు పెట్టేసుకుందండీ. కానీ ఏమైందో, పెట్టినవన్నీ మళ్ళీ విప్పేసి కూర్చుంది."

నేను వంగి దాని భుజాలు పట్టుకున్నాను. "ఎందుకు విప్పావే?"

"నా పక్కన బాబుకి అవ్వలేదు నానమ్మా. అందరిదీ అయిపోతోందని ఏడుస్తున్నాడు. అందుకే నాదీ విప్పేశా. వాడు పెట్టుకున్నాక పెట్టుకున్నా."

"ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాది అవ్వకపోతే తాత రోజూ తనవి విప్పేస్తాడుగా, మెల్లిగా. నేను చూశా."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన నా వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. "ఫ్యాను బాగా తిరుగుతోంది" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఈ జబ్బు ఆయనకు పట్టుకున్నది మా పెద్దవాడు చొక్కాతో కుస్తీపట్టే రోజుల్లో. ఆ తర్వాత రెండోవాడు, ఆ తర్వాత మా అమ్మాయి. మా ఇంట్లో ఏ బిడ్డా అందరికంటే వెనక మిగిలిపోలేదు. వెనక ఎప్పుడూ ఆయనే ఉన్నాడు. పిల్లలు పెద్దయ్యాక మానుకోవడం మర్చిపోయినట్టున్నాడు, పాపం.

"మా ఇంటి పద్ధతి అంతేనమ్మా" అన్నాను టీచరమ్మతో, అంతా నాకు ముందే తెలిసినట్టు.

ఆవిడ నవ్వి, "సోమవారం నుంచి పెద్ద గదికి పంపండి" అంటూ పిల్ల స్వెట్టరు సరిచేయబోయింది. ముందు ఉండాల్సిన బాతు బొమ్మ వీపు మీద ఉంది.

"ముట్టుకోకమ్మా" అన్నాను. "అది తనే తొడుక్కుంది."

దారి పొడుగునా బాతు ముందు, మేము వెనక. దాటిపోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వుతున్నారు. ఇంకో నలుగురు చూస్తే బాగుండునని, ఇంటికి దగ్గరి సందు వదిలేసి వాళ్ళిద్దరినీ బజారు మీదుగా తిప్పి తీసుకెళ్ళాను.