వీలునామాకు సాక్షి

ఎమ్మిగనూరు నుంచి ఆదోని వెళ్లే బస్సులో, పక్కన కూర్చున్న ముసలి నేతగాడు ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

“ఉబ్బసం గిబ్బసం ఏమన్నా ఉండాదా అప్పా?”

“లేదు తాతా. పిల్లనిచ్చేటట్టు అడుగుతాండావే!”

“వీలునామాకు సాక్షి కావల్లప్పా. నేను సచ్చినాక కోర్టులో సెప్పేదానికి నువ్వు బతికుండల్ల కదా!”

భర్త పోయిన కూతురికి ఇల్లూ మగ్గమూ రాయబోతున్నాడాయన. తన అన్న కొడుకులకు జడిసి, వాళ్ల వీధిలో ఎవరూ సాక్షి సంతకానికి ఒప్పుకోలేదట. “సచ్చినోడి వేలికైనా సిరా పూసి ముద్ర ఏయించుకునే రకమప్పా వాళ్లు,” అంటూ వెనక సీట్ల వైపు చూశాడు.

ఆదోనిలో వీలునామా ఆసాంతం చదివి సంతకం చేశాను. నా చిరునామా కూతురికి కంఠతా నేర్పిస్తానన్నాడు.

తండ్రి ఇల్లు దక్కడానికి ఒక స్త్రీకి ఊరుకాని ఊరివాడి ఆయుష్షు పూచీ కావలసి రావడం ఎంత అన్యాయం! నేను ఇల్లు మారినప్పుడల్లా ఆమెకు ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఏళ్లు గడిచినా కోర్టు నుంచి పిలుపూ రాలేదు. వీలునామాకు ఎవరూ అడ్డు చెప్పలేదనుకుని మొదట సంతోషించాను. అసలు ఆమెను కోర్టు గడప దాకా రానిచ్చారా అన్న భయం తరువాత పట్టుకుంది. అది ఇప్పటికీ వదలలేదు.