పుట్టి తిమ్మప్ప మీద నేను రాసిన వాక్యం

ఎనిమిదేళ్లుగా ఒక వాక్యం నన్ను పట్టుకొని ఉంది. నేను రాసిందే. పదకొండు మాటలు. నా పేరుతో అచ్చయిన పుస్తకంలో ఉంది కాబట్టి చెరిపే వీలు లేదు. తరగతిలో పాఠం చెబుతుంటే గుర్తొస్తుంది. గద్వాల పోయే బస్సు బీచుపల్లి వంతెన మీదికి రాగానే గుర్తొస్తుంది. నా భార్యకు చెప్పలేదు. తోటి లెక్చరర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఊరి పేరు రాయను. మా సారు పేరు రాయను. నా పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు. తిమ్మప్ప పేరు మాత్రం రాస్తాను.

నేను వనపర్తిలో చరిత్ర చెబుతాను. పుట్టింది నడిగడ్డలో, కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల వైపు పల్లెలో. మా ఊళ్లో బడి ఐదో తరగతితో అయిపోయేది. ఆ తర్వాత గద్వాలలో ఒక తెలుగు సారు నన్ను తన ఇంట్లోనే ఉంచుకొని పదో తరగతి దాకా చదివించారు. ఐదేళ్లు వాళ్ల అన్నం తిన్నాను. ఆ ఇంటి ముందుగదిలో గోడకు ఒక పాత అర్జీ ఉండేది, అద్దం కట్టించి. సారు తండ్రి చేత్తో రాసిన చిత్తుప్రతి. దానికింద కూర్చొనే నేను చేతిరాత దిద్దుకున్నాను, లెక్కలు చేసుకున్నాను.

ఆ అర్జీ కథ మా వైపు అందరికీ తెలుసు. నిజాం కాలంలో ఒక ఊరి రైతులు వెట్టికి తాళలేకపోయారు. అధికారులు వచ్చినప్పుడల్లా సామాన్లు తలల మీద మోయాలి, ఎడ్లబండ్లు ఊరికే తోలాలి, నాట్ల రోజుల్లో కూడా సొంత పొలం వదిలి పోవాలి. హైదరాబాద్ పోయి పెద్ద సర్కారుకు మొర పెట్టుకుందామనుకున్నారు. ఊళ్లో చదువు వచ్చిన మనిషి సారు తండ్రి ఒక్కరే. ఆయన అర్జీ రాసిచ్చారు. బెస్త తిమ్మప్ప అనే ఆయన వాళ్లను పుట్టిలో కృష్ణ దాటించాడు. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. వాళ్లు ఖిల్లా ఘణపూర్ గుట్ట మీది పాత కోటలో చేరి, మిగతా ఊళ్ల వాళ్ల కోసం కాచుకున్నారు.

ఖాళీ పుట్టితో వెనక్కి వస్తున్న తిమ్మప్పను పోలీసు అమీను మనుషులు పట్టుకున్నారు. మూడో రోజు వాళ్లు నేరుగా గుట్టెక్కి రైతులందరినీ కట్టేసి తెచ్చారు. ఆ దెబ్బలకు ఒకాయన చనిపోయాడు. అదే రోజు తిమ్మప్పను వదిలేశారు.

ఎందుకు వదిలారు? చెప్పాడు కాబట్టి వదిలారు. ఊరు అట్లా తేల్చుకుంది. జనం ఆయన పుట్టి ఎక్కడం మానేశారు. ఆ ఇంటికి 'చెప్పుడోళ్లు' అని పేరు పడింది. ఆయన పోయాక కూడా ఆ పేరు పోలేదు. మరుసటి ఏడు సారు తండ్రి తానే అర్జీ పట్టుకొని హైదరాబాద్ పోయారు, ఆ తర్వాత ఊళ్లో వెట్టి కొంత తగ్గింది. అది నిజం. అందులో అబద్ధం లేదు.

నా పరిశోధనకు ఈ కథే ఎంచుకున్నాను. డాక్టరేటు కోసం అని అందరికీ చెప్పాను. సారు కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. 2001 వేసవి సెలవులంతా హైదరాబాద్‌లో పాత రికార్డుల మధ్య గడిపాను. ఎర్రగుడ్డ మూటలు, దారం పోగులు, ముట్టుకుంటే పెళుసుగా విరిగే అంచులు. తుమ్ములతో ముక్కు పచ్చిపుండయ్యేది. అయినా ఆ రోజులంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఒక్కొక్క కాగితం దొరుకుతుంటే ఊరు నా కళ్లముందు లేచి నిలబడుతున్నట్టు ఉండేది. ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారు, ఏ ఏడు వాన లేదు. మనుషులు మరిచిపోయినవన్నీ అక్కడ పడి ఉన్నాయి.

ఆ కాగితం కూడా అక్కడే ఉంది.

అమీను ఫైలులో ఒక చిన్న తెలుగు ఉత్తరం. సంతకం లేదు. రైతులు ఘణపూర్ కోటలో ఉన్నారని, ఫలానా దారిన పోతే దొరుకుతారని, నాలుగు వరుసలు. నేను చదవడం మొదలుపెట్టలేదు, ముందు చూశాను. 'క' మీద తలకట్టు వెనక్కి వంచి రాసే ఆ తీరు. 'ర' కింద ఒక చుక్కలా ఆగే కలం. ఐదేళ్లు ఆ అక్షరాల కింద కూర్చున్నవాణ్ణి. చేతిరాతను నేను గుర్తుపట్టలేదు అని ఎవరితోనైనా అనగలను. నాతో ఎట్లా అనుకుంటాను?

ఉత్తరం అంచున ఉర్దూలో అమీను రాసిన మాటలు ఉన్నాయి. గొలుసుకట్టు ఉర్దూ నాకు రాదు. జిరాక్సు తీయించి వనపర్తి తెచ్చుకున్నాను. అక్కడ కోర్టులో పనిచేసి రిటైరైన ఖాజా సాబ్ నాకు ఉర్దూ కాగితాలు చదివిపెట్టేవారు. ఆయన భూతద్దం పెట్టి మెల్లగా చదివారు. పుట్టివాడు తిమ్మప్పను రెండు రోజులు కొట్టినా నోరు విప్పలేదని, ఈ ఉత్తరం వచ్చాక అతనితో పని లేక వదిలేశామని ఉంది. ఉత్తరం పంపిన మనిషి పేరు కూడా ఉంది. ఖాజా సాబ్ ఆ పేరు రెండుసార్లు చదివి భూతద్దం పక్కన పెట్టారు. ఈ పేరాయన మీదనే కదా మీరు పుస్తకం రాసేది అని అడిగారు. అవునన్నాను. జిరాక్సు మడిచి నా చేతికిచ్చారు. తర్వాత ఆయన ఒకే మాట అన్నారు.

"కాగితం అబద్ధమాడదని నేను అనను సార్. కానీ గీ కాగితానికి అబద్ధమాడే పని లేదు."

ఆయన మళ్లీ ఎన్నడూ దాని ఊసెత్తలేదు. రాసే బాధ్యత నాదని వదిలేశారేమో. రెండేళ్లకు ఆయనా పోయారు.

సారు తండ్రి ఎందుకు రాశారు? ఎవరైనా బెదిరించారా? రైతులు పట్టుబడితే కొట్టి వదిలేస్తారు, ప్రాణం పోదు అనుకున్నారా? మరుసటి ఏడు తానే హైదరాబాద్ పోయింది ఆ తప్పు దిద్దుకోవడానికేనా? ఇవన్నీ ఎన్నిసార్లో ఆలోచించాను. ఆయన గురించి ఆలోచిస్తున్నంతసేపు నా గురించి ఆలోచించే పని ఉండదు, అది కూడా ఒక కారణం కావచ్చు.

అప్పటికి సారుకు గుండెజబ్బు. ఊళ్లో ఆయన తండ్రి పేరుతో, ఆ రైతుల పేర్లతో ఒక రాతిస్తంభం నిలబెట్టాలని అనుకుంటున్నారు. ఆ రోజే నా పుస్తకం కూడా విడుదల. నేను చూడ్డానికి పోయినప్పుడల్లా సారు మంచం మీద లేచి కూర్చొని, ఎంతవరకు వచ్చిందిరా అని అడిగేవారు. ఆయనకు ఏమని చెప్పాలి? చెప్పలేదు. జిరాక్సు కాగితాలు మడిచి పెట్టె అడుగున పెట్టాను.

అంతవరకైతే జాలి అని పేరు పెట్టుకొని బతికేవాణ్ణేమో. కానీ జమ్ములమ్మ వచ్చింది.

ఆమె తిమ్మప్ప కూతురు. అప్పటికే అరవై దాటినట్టుంది. కాలేజీలో ఒక సారు పాత కాగితాలు వెతుకుతున్నాడని ఎవరో చెబితే రెండు బస్సులు మారి వచ్చింది. మధ్యాహ్నం, స్టాఫ్‌రూంలో నేనొక్కణ్ణే ఉన్నాను. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకొని నిలబడి, తనెవరో చెప్పింది. ఠాణా నుంచి తండ్రి వచ్చిన రోజు తనకు గుర్తుందట. వీపు మీద అంగీ అతుక్కుపోతే వాళ్లమ్మ వేడినీళ్లు పోసి ఊడదీసిందట. తనకు సంబంధాలు రాక, చివరికి దూరపు ఊరి మనిషిని ఇల్లరికం తెచ్చుకున్నారట. ఇదంతా ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. చెప్పాక అడిగింది.

"గా కాగితాలల్ల మా నాయిన చెప్పిండని ఉందా సారూ, చెప్పలేదని ఉందా?"

నా పెట్టె స్టాఫ్‌రూంకు అర మైలు దూరంలో ఉంది.

"ఏం దొరకలేదమ్మా" అన్నాను.

ఆమె సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "దొరకకపోతే చెప్పినట్టేనా?"

"అట్ల కాదు. తెలియదు, అంతే."

"తెల్వదని రాస్తవా మరి? చెప్పలేదని రాయమంటలేను. తెల్వదని రాస్తే సాలు. గా ఒక్క ముక్క రాయి సారూ."

"రాస్తాను" అన్నాను.

ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేనూ పెట్టాను. సంచిలోంచి చేపల పొట్లం తీసి బల్ల మీద పెట్టబోయి, కాలేజీ కదా అనుకుందేమో, మళ్లీ సంచిలోనే పెట్టుకొని వెళ్లిపోయింది.

నేను తెలియదని రాయలేదు. నిజంగా రాద్దామనే కూర్చున్నాను. ఆ పేజీ దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. ఎవరు చెప్పారో తెలియదని రాస్తే, మరి ఎవరు అని చదివినవాళ్లు అడుగుతారు. నాలాంటివాడే ఎవడో మళ్లీ ఆ ఎర్రమూట విప్పుతాడు. ఊరు చెప్పుకునే జవాబు ఉంటే ఎవరూ వెతకరు. అది ఆలోచించే రాశాను. కలం జారి రాసింది కాదు, మొహమాటంతో రాసింది కాదు. 'గ్రామస్థుల కథనం ప్రకారం, రైతులు దాక్కున్న చోటును పుట్టి నడిపే తిమ్మప్ప అమీనుకు చెప్పాడు.' గ్రామస్థుల కథనం ప్రకారం! ఎంత జాగ్రత్త. పరిశోధకుడి నిజాయితీ అంతా ఆ మూడు మాటల్లో పెట్టి, దాని చాటున నిలబడ్డాను.

స్తంభం నిలబెట్టారు. సారును కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. ఆయన నా పుస్తకం ఒళ్లో పెట్టుకొని ఏడ్చారు. జనం వెనకాల జమ్ములమ్మ కొడుకు నిలబడి ఉన్నాడు. ఒక ప్రతి తీసుకొని వెళ్లడం చూశాను. అతనికి చదువు వచ్చు. ఆమెకు రాదు.

సారు మూడేళ్లకు పోయారు. ఇక్కడే నేను ఆగి మీకు సరిగ్గా చెప్పాలి. సారు బతికున్నన్నాళ్లు ఆయన కోసం దాచానని అనుకుంటే అనుకోవచ్చు. ఆయన పోయాక ఎవరి కోసం దాచాను? రెండో ముద్రణ వచ్చింది. ఒక్క వాక్యం మార్చితే సరిపోయేది. మార్చలేదు. అప్పటికి నాకు డాక్టరేటు వచ్చింది, సభలకు పిలుస్తున్నారు, ప్రాంతీయ చరిత్ర అంటే నా పేరు చెబుతున్నారు. విద్యార్థులకు నేనే చెబుతాను, ఆధారాన్ని దాచినవాడు చరిత్రకారుడు కాడని. గొంతు వణకదు. దానికే నాకు భయమేస్తుంది.

మొన్న 2009 వరదలో కృష్ణ ఆ ఊళ్లోకి వచ్చింది. నీళ్లు తీశాక కాలేజీ పిల్లలతో బియ్యం, దుప్పట్లు తీసుకొని పోయాను. చాలా మట్టి గోడలు కూలిపోయి ఉన్నాయి. జమ్ములమ్మ కొడుకు బురదలోంచి దూలాలు లాగి పక్కకు పేరుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. వాళ్లమ్మ ఎట్లుంది అని అడిగాను. పోయినేడే చనిపోయిందన్నాడు. జ్వరం వచ్చి, వారం రోజులు గద్వాల దవాఖానలో ఉండి పోయిందట.

నేను దుప్పటి అందించాను. అతను తీసుకోలేదు, చేతులు బురదగా ఉన్నాయి. పక్కనున్న దూలం మీద పెట్టమన్నాడు. పెట్టాను. వెళ్లబోతుంటే అతను వెనకనుంచి అన్నాడు, గొంతు పెంచకుండా.

"మీ పుస్తకం మా అమ్మకు నేనే చదివి చెప్పిన సార్."

వెనక్కి తిరిగాను.

"తెల్వదని రాసిండు సారు అని చెప్పిన. శాన సంబురపడ్డది. సచ్చేదాక గదే అనుకున్నది. మీకు చేపలియ్యాలె, వనపర్తికి తోల్కపో అని రెండుమూడు సార్లన్నది. నేనే తోల్కరాలె."

అతను నా ముఖంలోకి చూస్తున్నాడు. అడగడం లేదు, తిట్టడం లేదు. తల్లి కోసం తను ఆడిన అబద్ధాన్ని నా ముందు పెట్టి, మళ్లీ దూలం పట్టుకున్నాడు. అప్పుడైనా చెప్పాలి కదా? కాగితం ఉంది, మీ తాత నోరు విప్పలేదు, నా దగ్గరే ఉంది అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? పిల్లలు వ్యాన్ దగ్గర పిలుస్తున్నారు. నేను వెళ్లిపోయాను. ఆ మాత్రం కూడా చేయలేకపోయాను.

ఆమె రెండు బస్సులు మారి వచ్చి అడిగింది ఒక్క మాట. అది కూడా నిజం కాదు, నిజానికి చాలా తక్కువైనది. అదీ ఇవ్వలేదు. కొడుకు ఇచ్చాడు. ఇప్పుడు నేను అసలు నిజం చెప్పినా వినడానికి ఆమె లేదు. స్తంభం మీద తిమ్మప్ప పేరు చెక్కించినా ఆమె చూడదు. ఈ రాతతో ఏదో తీరిపోతుందని నేను అనుకోవడం లేదు. అతను క్షమిస్తాడనీ అనుకోను, అడిగే అర్హతా లేదు. జిరాక్సులు ఈ కాగితాలతో పాటు అతనికి పంపాలని కవరు మీద చిరునామా రాశాను. రాశాను అంతే, ఇంకా పోస్టు చేయలేదు. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతున్నాను.

కానీ ఒకటి చేయగలిగాను. ఇన్నేళ్లలో నా చేత్తో ఎన్నడూ రాయని మాటలు ఇవి. రాస్తుంటే ఛాతీలో ఏదో కాస్త సడలినట్టుంది.

తిమ్మప్ప చెప్పలేదు. రెండు రోజులు కొట్టినా చెప్పలేదు. చెప్పింది వేరే మనిషి. దాచింది నేను.