హోబర్ట్ రాసిన అంగుళం అక్షరాలు

టెక్సస్ పడమటి మూల, దుమ్ము తప్ప ఇంకేదీ ఊరికే దొరకని ఒక ఊళ్లో, మిస్ ఒడెస్సా టార్ప్లీ గారి దాణా కొట్టు ఉంది. అందులో హోబర్ట్ టీగ్ గుమాస్తా. జీతం పశువుల దాణా అమ్మినందుకే గానీ, అతని అసలు ఉద్యోగం కోతలు కొయ్యడం. పొద్దున్నే కాఫీ కుండ చుట్టూ చేరే రైతులకి హోబర్ట్ కోత ఒకటి పడితే గానీ కాఫీ గొంతు దిగేది కాదు.

కరువొచ్చిన ఏడాది చెరువులెంత ఎండిపోయాయంటే చేపలు ఈత మరిచిపోయాయట, వాన పడ్డాక హోబర్టే దిగి మళ్లీ నేర్పాడట. తోక గిలక్కాయలా ఆడించే పాముని బెల్టనుకుని కట్టుకుని చర్చికి వెళ్లాడట, పాటలు పాడినంతసేపూ అది తాళం వేసిందట. నమ్మేవాళ్లెవరూ లేరు, వినడం మానినవాళ్లూ లేరు. ఇంట్లో వినడానికి అతనికి ఉన్నది ఒక్క కుక్క. అది చెవిటిది. అందుకని హోబర్ట్‌కి ఈ లోకంలో ఆస్తంటూ ఉంటే, అది ఆ కాఫీ కుండ పక్కనున్న ఎత్తుపీటే.

ఆ పీటకి ఎసరు పెట్టింది వెల్డా ప్రూయిట్. స్కూలు బస్సు నడిపి నడిపి విసుగెత్తి, బస్తాలెత్తే పనికి వచ్చింది. మాట తక్కువ మనిషి. మండు వేసవిలో కూడా చొక్కా మీద మందపాటి కోటు తొడిగేది. ఆ కోటు కింద, నడుము దగ్గర, ఏదో ఉబ్బెత్తుగా కనిపించేది.

ఓ రోజు అమోస్ కిచెన్స్ అనే పశువుల రైతు ఉండబట్టలేక అడిగేశాడు. "ఏమ్మా వెల్డా, పిస్తోలు గానీ పెట్టుకు తిరుగుతున్నావా ఏంటి?"

"లైసెన్సయితే ఉంది బాబాయ్," అని వెల్డా బస్తా భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

అంతే, కాఫీ కుండ చుట్టూ కబుర్ల తీరే మారిపోయింది. అది వాళ్ల తాతగారిదని ఒకడు, వెండి పిడి అని ఒకడు, కన్నుమూసి తెరిచేలోపు తీస్తుందని ఇంకొకడు. చూసినవాడు ఒక్కడూ లేడు. హోబర్ట్ నోరారా చెప్పిన పాములూ చేపలూ మూలపడ్డాయి. నోరు విప్పని ఆడమనిషి కోటు కింద దాగిన వస్తువు ఊరేగుతోంది. అతని కడుపులో అగ్గి రాజుకుంది.

ఈ మంటకి ఇంకో పాత కారణమూ ఉంది. లైసెన్సు కోసం హోబర్ట్ కూడా ఒకప్పుడు గురి పరీక్షకి వెళ్లాడు. తూటాలన్నీ పక్కవాడి గురి అట్టకి తగిలాయి. పక్కవాడు పాసయ్యాడు. కొట్లో ఈ కథ మాత్రం అతను ఎప్పుడూ చెప్పలేదు.

మిస్ ఒడెస్సా చెల్లెలిని చూడటానికి వేరే ఊరు వెళుతూ తాళాలు హోబర్ట్ చేతిలో పెట్టింది. తాళాలు చేతికొస్తే కొట్టూ చేతికొచ్చినట్టే అనుకున్నాడు మన వీరుడు. టేపు పట్టుకుని ఊరి ఆసుపత్రికి వెళ్లి, గుమ్మం మీది 'పిస్తోలు తేవద్దు' బోర్డు కొలుచుకొచ్చాడు. లైసెన్సున్నవాళ్లు కూడా ఆయుధం దాచుకుని లోపలికి రాకూడదంటే, చట్టం ప్రకారం ఆ బోర్డులో మాట పొల్లు పోకూడదు, ఇంగ్లీషు, స్పానిష్ రెండు భాషల్లోనూ ఉండాలి, అక్షరం అంగుళానికి తగ్గకూడదు. తెల్లరేకు మీద పశువుల కొట్టానికేసే ఎర్రరంగుతో దించాడు. తన చేత్తో ఇంత అందమైన అక్షరాలు పడతాయని అతనికే తెలియదు. గుమ్మానికి కొట్టేసి, "ఇప్పుడు తియ్యి, నీ వెండి పిడి," అనుకున్నాడు.

మర్నాడు మొదట అమోస్ వచ్చాడు. బోర్డు మొత్తం చదివాడు. నడుము తడుముకున్నాడు.

"మిస్ ఒడెస్సా వద్దందా?"

"కొట్టు నా చేతిలో ఉంది," అన్నాడు హోబర్ట్, గొంతు పెంచి.

"సరేలే. ఆమె గడప, ఆమె ఇష్టం," అని అమోస్ వెనక్కి తిరిగాడు.

పిస్తోలు వాహనంలో పెట్టేసి వస్తాడని హోబర్ట్ కప్పులో కాఫీ పోసి ఉంచాడు. అమోస్ రాలేదు. తన వాహనం వెనక తలుపు కిందికి దించి, దాని మీదే కూర్చుని ఫ్లాస్కు మూత తీశాడు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. చదవడం, నడుము తడుముకోవడం, అమోస్ పక్కకి చేరడం. పిస్తోలు లేనివాళ్లు కూడా, ఉన్నవాళ్లలా తడుముకుని మరీ వెళ్లారు. బోర్డు గుమ్మానికే గానీ పార్కింగుకి కాదు కదా. వెల్డా అక్కడే బస్తాలెత్తుతోంది. సభ మొత్తం ఆమె చుట్టూ కుదిరిపోయింది.

లోపల హోబర్ట్, కాఫీ కుండ, ఎత్తుపీట మిగిలారు. బయట నవ్వు వినిపించినప్పుడల్లా అతను కిటికీ దగ్గరికి వెళ్లేవాడు, ఎవరైనా ఇటు చూస్తే అద్దం తుడుస్తున్నట్టు నటించేవాడు. వారం తిరిగేసరికి ఆ అద్దం అంత శుభ్రంగా కొట్టు పుట్టాక ఎన్నడూ లేదు.

ఊరినుంచి వచ్చిన మిస్ ఒడెస్సా గుమ్మం ముందు ఆగి, చేతిసంచీ చంకలో బిగించుకుంది. ఆ సంచీలో ఏముందో ఊరందరికీ తెలుసు.

"హోబర్ట్! నా కొట్లోకి నన్నే రావద్దన్న మొనగాడెవడయ్యా?"

"మీ భద్రత కోసమేనండీ. వెల్డా నడుముకి పిస్తోలు..."

"తాళాలిచ్చాను గానీ నా నోరు నీకిచ్చానా? ఇక్కడ ఎవరేం తేకూడదో చెప్పాల్సింది నేను. పనిలో చేరిన రోజే వెల్డాకి చెప్పాను, పనివాళ్లు పిస్తోలు కొట్లోకి తేవద్దని. ఆ పిల్ల ఆ పూటనుంచీ బండిలో పెట్టి తాళం వేస్తోంది. బండిలో పెట్టుకుంటే వద్దనే హక్కు నాకూ లేదు, అది చట్టం. నీకెందుకు చెప్పాలి? నీ దగ్గర లేనే లేదాయె."

"మరి ఆ ఉబ్బెత్తు?"

మిస్ ఒడెస్సా బయటికి కేకేసింది. "వెల్డా, ఓసారి కోటెత్తి వీడికి చూపించమ్మా!"

వెల్డా కోటు ఎత్తింది. నడుం నొప్పికి కట్టుకునే వెడల్పాటి పట్టీ. బస్తాలెత్తేవాళ్లకి డాక్టర్లు రాసేది.

"అందరికీ చూపిస్తే ఈ ముసలాళ్లు బస్తా ఎత్తనివ్వరు, జాలిపడతారు. పిస్తోలనుకుంటే కాస్త దూరంగా ఉంటారు కదా, పెద్దాయనా," అంది వెల్డా. పార్కింగంతా విరగబడి నవ్వింది.

బోర్డు హోబర్టే ఊడదీశాడు. రైతులు లోపలికి వస్తారనుకున్నాడు. రాలేదు. బయట వెల్డా, ఏడాదిగా నోరు విప్పని వెల్డా, కథ మొదలుపెట్టింది. టేపు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లిన మగాడి కథ. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గిస్తోంది. ఊళ్లోకెల్లా మంచి కథ, అందులో వీరుడు తనే, చెప్పేది మాత్రం ఆవిడ! హోబర్ట్ చెవులు కాలిపోయాయి. ఎత్తుపీట పోయినా ఓర్చుకునేవాడేమో. తన పరువు తీసిన కథని ఇంకొకరు తనకంటే బాగా చెబుతుంటే ఎలా ఓర్చుకోవడం?

"అంగుళం అక్షరాలు!" అంటోంది వెల్డా. "ఒక్కోటీ అంగుళం!"

హోబర్ట్ కాఫీ కుండ చంకనెత్తుకుని గడప దాటాడు.

"అంగుళమా? ఎవరా చెప్పింది? అడుగు పొడుగు! ఒక్కో అక్షరం అడుగున్నర. చివరి అక్షరానికి రేకు చాలక పక్క జిల్లాకెళ్లి రాసొచ్చాను. జరుగు అమోస్, నన్ను కూర్చోనీ."